లీచ్ కుమ్మరశాల పాత్ర కొనేముందు అడుగు చూడండి

ఆంగ్ల కుమ్మరి బెర్నార్డ్ లీచ్, జపాన్ కుమ్మరి షోజీ హమాదా కలిసి 1920లో ఇంగ్లండ్‌లోని సెయింట్ ఐవ్స్‌లో నెలకొల్పిన కుమ్మరశాల పాత్రలను సేకరించదలచినవారు, పూత అందానికి మురిసిపోయే ముందు పాత్రను తలకిందులు చేసి, అడుగు భాగంలోనూ దాని చుట్టుపక్కలా ఒత్తిన ముద్రలను పరిశీలించాలి. ఎస్, ఐ అక్షరాలున్న కుమ్మరశాల ముద్ర ఒక్కటే ఉంటే, అది సాధారణంగా అక్కడి పనివారు రోజువారీ వాడకానికి చేసిన పాత్ర అయి ఉంటుంది. దానితోపాటు బి.ఎల్. అనే ముద్ర కూడా ఉంటేనే లీచ్ సొంత చేతిపనిగా భావించవచ్చు. ధరలో తేడా అంతా అక్కడే ఉంటుంది.

అయితే ముద్రను మాత్రమే నమ్మరాదు. 1980ల ఆరంభంలో ఇంగ్లండ్‌లోని ఒక జైలులో కుండల తయారీ నేర్చుకుంటున్న ఖైదీలు చేసిన నకిలీ లీచ్ పాత్రలు వేలంపాటల దాకా వెళ్లాయి (శిష్యరికం బాగానే సాగిందన్నమాట). అందువల్ల అసలు పాత్రలను ప్రదర్శనశాలల్లో చూసి, మట్టి రంగు, అడుగును చెక్కిన తీరు, చేతికి తగిలే బరువు పోల్చుకోవడం, పాత కొనుగోలు రసీదులు అడగడం అవసరం.

మనం సంతలో కుండను వేలితో తట్టి చూసినట్లే దీనినీ మెల్లగా తట్టాలి. మందకొడి శబ్దం వస్తే పగులును అనుమానించాలి. చీకటిగదిలో అతినీలలోహిత దీపం వేస్తే, అంచులకు చేసిన పాత అతుకులు చాలావరకు వేరే కాంతితో బయటపడతాయి.