ట్రెడిల్ మిషన్‌లో అక్షరాల కడుపులు మూసుకుపోతుంటే: నా అనుభవం

మాది పాత గోర్డన్ తరహా ట్రెడిల్, అంటే కాలితో తొక్కి నడిపే తరహా అచ్చు మిషన్. 1881లో మొదలైన క్లీవ్‌లాండ్ కంపెనీ చాండ్లర్ అండ్ ప్రైస్‌కి పేరు తెచ్చింది ఈ తరహానే. సమస్య: ఠ, థల్లో చుక్క కనబడదు, ప్రతి అక్షరం అంచునా సిరా గట్టు కట్టేది. సిరా మార్చాను, టైపు (అచ్చు అక్షరాలు) కిరసనాయిలుతో కడిగాను, అచ్చు వేసే కాగితం వెనక ఉంచే ప్యాకింగ్ కాగితాలు తగ్గించాను, లాభం లేదు.

చివరికి పనిచేసింది టైపుకి సిరా పూసే రోలర్ల ఎత్తు సరిచేయడం. ముందు రోలర్ చక్రాలు దొర్లే పట్టాల మీది నూనె, జిడ్డు పూర్తిగా తుడిచాను. జిడ్డుంటే చక్రాలు తిరగవు, జారతాయి. తర్వాత సరిగ్గా టైపు ఎత్తు, అంటే 0.918 అంగుళాలు ఉన్న నున్నటి దిమ్మను చేజ్‌లో (టైపు బిగించే చట్రంలో) బిగించి, రోలర్లకు పల్చగా సిరా పట్టించి, మిషన్‌ను చేత్తో మెల్లగా తిప్పి రోలర్‌ను దిమ్మ మీద ఒక్కసారి ఆనించి వెనక్కి తెచ్చాను. పడిన సిరా చార దాదాపు 3 మిల్లీమీటర్లు ఉండాలి. నాకు దానికి రెట్టింపు పడింది, కింది వైపు ఇంకా ఎక్కువ. అంటే రోలర్ టైపును తాకడం కాదు, నొక్కేస్తోంది!

రోలర్లు కాస్త పైకి లేచేలా పట్టాల మీద టేపు ఒక్కో పొర వేస్తూ, నాలుగు మూలలా చార చూసుకుంటూ పోయాను. కింది వైపు ఒక పొర ఎక్కువే పట్టింది. ఆ తర్వాత తీసిన ప్రూఫులో థ చుక్క సూదితో గుచ్చినట్టు విడిగా కనబడింది. ఎంత సంతోషమేసిందో!

నావి రబ్బరు రోలర్లు. పాతకాలపు జిగురు రోలర్లు వానాకాలం తేమకి ఉబ్బుతాయి కాబట్టి వాటికి ఈ కొలత నిలవకపోవచ్చు. చక్రాలే అరిగిపోయి ఉంటే టేపు తాత్కాలిక ఉపాయమే.