చెన్నైలో సౌర పరికరాల తయారీ యూనిట్‌కు పెట్టుబడి రాయితీ: దరఖాస్తు విధానం

సౌర పరికరాల తయారీకి ప్రభుత్వ సాయం అనగానే చాలామందికి ముందుగా గుర్తొచ్చేది కేంద్రం ప్రకటించిన ఉత్పత్తి ఆధారిత ప్రోత్సాహక పథకం, అంటే పీఎల్‌ఐ. తొలి విడతకు రూ.4,500 కోట్లు, రెండో విడతకు రూ.19,500 కోట్లు కేటాయించారని పత్రికల్లో చదివి, అందులో తమకూ కొంత వాటా దక్కుతుందేమోనని ఆడిటర్లను అడిగేవారు ఇప్పటికీ ఉన్నారు. ఆ రెండు విడతలూ భారీ సామర్థ్యం గల కంపెనీలు టెండర్లలో పోటీపడి దక్కించుకున్నవి, వాటి కేటాయింపులు ఎప్పుడో ముగిశాయి. అంబత్తూరులోనో తిరుముడివాక్కంలోనో షెడ్డు అద్దెకు తీసుకుని ప్యానెళ్లు, వాటి వెనుక తీగలు కలిపే జంక్షన్ బాక్సులు, వాటిని నిలబెట్టే మౌంటింగ్ స్ట్రక్చర్లు తయారుచేయాలనుకునే మన తెలుగువారికి అందుబాటులో ఉన్నది తమిళనాడు ప్రభుత్వం సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమలకు ఇచ్చే పెట్టుబడి రాయితీ.

రాష్ట్రం ప్రాధాన్య రంగాలుగా గుర్తించిన జాబితాలో సౌరశక్తి పరికరాల తయారీ ఉంది. ఈ రంగంలోని అర్హత గల యూనిట్‌కు యంత్ర సామగ్రి విలువలో 25 శాతాన్ని, గరిష్ఠంగా రూ.1.50 కోట్ల వరకు, రాయితీగా ఇస్తారు. అర్హమైన యంత్రాల విలువ రెండు కోట్లయితే రాయితీ యాభై లక్షలవుతుంది. స్థలం, భవనం ఈ లెక్కలోకి రావు. అయితే ఈ సొమ్ము యూనిట్ పెట్టడానికి ముందు చేతికి రాదు. బ్యాంకు అప్పుతోనో సొంత డబ్బుతోనో యంత్రాలు కొని, బిగించి, ఉత్పత్తి మొదలుపెట్టిన తరువాతే దరఖాస్తు చేయాలి. కాబట్టి రాయితీని నమ్ముకుని మార్జిన్ మనీ, అంటే సొంతంగా పెట్టాల్సిన వాటా, తగ్గించి చూపే ప్రాజెక్టు రిపోర్టు బ్యాంకు మేనేజరు దగ్గరే ఆగిపోతుంది.

తొలితరం పారిశ్రామికవేత్తలకు నీడ్స్ అనే మరో రాష్ట్ర పథకం ఉంది. పది లక్షలకు మించి ఐదు కోట్ల వరకు వ్యయమయ్యే ప్రాజెక్టులకు 25 శాతం, గరిష్ఠంగా రూ.75 లక్షల రాయితీతో పాటు బ్యాంకు వడ్డీలో 3 శాతం ఉపశమనం లభిస్తుంది. దీనికి వయసు, చదువు షరతులతో పాటు తమిళనాడులో మూడేళ్ల నివాసం కూడా తప్పనిసరి. నెల్లూరు నుంచో ఒంగోలు నుంచో వచ్చి చెన్నైలో ఏళ్ల తరబడి ఉంటున్నా ఆధార్‌లో సొంతూరి చిరునామానే కొనసాగిస్తున్నవారు ఇక్కడే చిక్కుకుంటారు. అలాగే ఆంధ్రప్రదేశ్‌లోనో తెలంగాణలోనో పొందిన ఎస్సీ, ఎస్టీ ధ్రువపత్రంతో వలస వచ్చినవారు ఇక్కడి ప్రత్యేక వర్గాలకిచ్చే రాష్ట్ర రాయితీలు కోరలేరు. ఖాదీ కమిషన్ ద్వారా కేంద్రం అమలు చేసే ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం, అంటే పీఎంఈజీపీలో తయారీ ప్రాజెక్టుల పరిమితి రూ.50 లక్షలు. 2021-22 నుంచి 2025-26 వరకు ఆమోదం పొందిన పథకం కనుక, ప్రస్తుత స్థితిని పోర్టల్‌లో చూసుకున్నాకే దీని గురించి ఆలోచించాలి. మరో పథకం కింద ఇప్పటికే ప్రభుత్వ రాయితీ తీసుకున్న యూనిట్‌కు పీఎంఈజీపీ వర్తించదు. దేనికి వెళ్లాలన్నది మొదటే తేల్చుకోవాలి.

దరఖాస్తు ఏ కార్యాలయానికి చేరాలన్నది ఫ్యాక్టరీ ఉన్న చోటును బట్టి ఉంటుంది తప్ప కంపెనీ రిజిస్టర్డ్ చిరునామాను బట్టి కాదు. టీ నగర్‌లో ఆఫీసు ఉండి గుమ్మిడిపూండిలో షెడ్డు ఉంటే తిరువళ్లూరు జిల్లా పరిశ్రమల కేంద్రానికి, శ్రీపెరుంబుదూరులో ఉంటే కాంచీపురానికి వెళ్లాలి. చెన్నై జిల్లా యూనిట్లను గిండిలోని ప్రాంతీయ సంయుక్త సంచాలకుల కార్యాలయం చూస్తుంది. తడ దాటి శ్రీసిటీలో యంత్రం బిగించినవారికి తమిళనాడు రాయితీ వర్తించదు, వారు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ విధానం కిందే దరఖాస్తు చేసుకోవాలి.

కాగితాల్లో మొదటిది ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే కేంద్ర పోర్టల్‌లో సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమగా నమోదు. ఇది పూర్తిగా ఉచితం, ఆధార్, పాన్ ఉంటే సొంతంగా చేసుకోవచ్చు, మధ్యవర్తికి డబ్బు చెల్లించనక్కర లేదు. 2025 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన నిర్వచనం ప్రకారం యంత్రాలపై పెట్టుబడి రెండున్నర కోట్లు, టర్నోవరు పది కోట్లు మించనిది సూక్ష్మ పరిశ్రమ. 25 కోట్లు, 100 కోట్లు మించనిది చిన్న పరిశ్రమ. నమోదు చేసేటప్పుడు కార్యకలాపాన్ని తయారీ అని చూపాలి. ఇంతకుముందు ప్యానెళ్లు కొని అమ్మిన సంస్థ పాత ఉద్యమ్ నంబరు మీదే తయారీ మొదలుపెడితే అందులో వ్యాపారమనే ఉండిపోతుంది, దాన్ని సవరించకుండా తయారీ రాయితీ అడగడం వృథా.

అసలు శ్రద్ధ చూపవలసింది యంత్రాల బిల్లుల మీద. ప్యానెళ్ల యూనిట్‌లో వెలుతురును విద్యుత్తుగా మార్చే సెల్స్‌ను లోహపు రిబ్బన్‌తో కలిపే స్ట్రింగర్, గాజు, ఈవీఏ అనే ప్లాస్టిక్ పొరలు, సెల్స్, వెనుక షీటును వేడిమితో అతికించే ల్యామినేటర్, తయారైన ప్యానెల్ సామర్థ్యాన్ని కొలిచే సన్ సిమ్యులేటర్ ముఖ్యమైనవి. ప్రతిదానికీ కొటేషన్, ఇన్వాయిస్, బ్యాంకు ద్వారా చెల్లించినట్లు స్టేట్‌మెంటు, మూడూ ఒకే పేరుతో ఉండాలి. దిగుమతి చేసుకుంటే కస్టమ్స్ దిగుమతి పత్రమైన బిల్ ఆఫ్ ఎంట్రీ కూడా జతచేయాలి. కంపెనీ ఏర్పడక ముందు భాగస్వామి తన సొంత ఖాతా నుంచి చెల్లించిన అడ్వాన్సును తరువాత యూనిట్ పెట్టుబడిగా చూపడం కష్టం. సెకండ్ హ్యాండ్ యంత్రాలకు రాయితీ రాదు. తనిఖీకి వచ్చిన అధికారి ల్యామినేటర్‌కు బిగించిన రేకు మీది క్రమసంఖ్యను, తయారీ సంవత్సరాన్ని బిల్లుతో సరిచూసుకుంటారు కనుక, ఆ రేకు మీద రంగు పడకుండా, గోడకు ఆనుకుని కనబడకుండా పోకుండా యంత్రాన్ని బిగించుకోవడం మంచిది.

పేర్ల విషయం చిన్నదిగా కనిపించినా మనవాళ్లను ఎక్కువగా ఇబ్బంది పెట్టేది అదే. ఆధార్‌లో ఇంటిపేరు ముందు పూర్తిగా, పాన్‌లో చివర, ఇక్కడ రాయించిన అద్దె ఒప్పందంలో తమిళ పద్ధతిలో ఒక్క ఇనీషియల్‌గా ఉంటే, ముగ్గురూ ఒకరేనని నిరూపించే బాధ్యత దరఖాస్తుదారుడిదే అవుతుంది. ఒప్పందం రిజిస్టరు చేయించే ముందే పాన్‌లో ఉన్నట్లుగా పేరు రాయించుకుంటే సరిపోతుంది.

కాలుష్య నియంత్రణ పరంగా సోలార్ ప్యానెళ్ల తయారీ వైట్ కేటగిరీలో, అంటే కాలుష్యం దాదాపు లేని పరిశ్రమల వర్గంలో ఉంది, దీనికి కాలుష్య నియంత్రణ మండలికి సమాచారమిస్తే చాలు. ఆమ్లాలు వాడే సెల్స్ తయారీకి ఈ సౌలభ్యం ఉందనుకోకూడదు. ప్యానెళ్లు అమ్మాలంటే భారతీయ ప్రమాణాల సంస్థ, అంటే బీఐఎస్ వద్ద నమోదు, ప్రభుత్వ ప్రాజెక్టులకు సరఫరా చేయాలంటే కేంద్ర పునరుత్పాదక ఇంధన శాఖ ఆమోదిత తయారీదారుల జాబితా, అంటే ఏఎల్‌ఎంఎంలో చోటు అవసరం. సెల్స్‌కు కూడా 2026 జూన్ 1 నుంచి ఈ జాబితాను వర్తింపజేయాలని ఆ శాఖ నిర్ణయించింది. ఇళ్ల పైకప్పు మీది సౌర ప్యానెళ్లకు కేంద్రం ఇచ్చే పీఎం సూర్యఘర్ రాయితీకి సెల్స్, ప్యానెల్ రెండూ దేశీయంగా తయారైనవే కావాలి. సెల్స్ ఎక్కడ కొంటారు, ప్యానెళ్లు ఎవరికి అమ్ముతారు అన్న ప్రశ్నలకు జవాబు లేని ప్రాజెక్టు రిపోర్టుకు టర్మ్ లోన్ రావడం కష్టమే. చిన్న పెట్టుబడితో మొదలుపెట్టేవారు ఏఎల్‌ఎంఎం వర్తించని స్ట్రక్చర్లు, ప్యానెళ్ల కరెంటును ఇన్వర్టర్‌కు చేర్చే డీసీ డిస్ట్రిబ్యూషన్ బాక్సుల వైపు చూడటమే మేలని నా అభిప్రాయం.

ఉత్పత్తి మొదలైన తేదీకి రుజువుగా మొదటి అమ్మకపు ఇన్వాయిస్, పారిశ్రామిక టారిఫ్ కింద యూనిట్ పేరున ఉన్న కరెంటు కనెక్షన్ వివరాలు సిద్ధంగా ఉంచుకోవాలి. దరఖాస్తు గడువును ఆ తేదీ నుంచే లెక్కిస్తారు. షెడ్డు యజమాని పేరున పాత కనెక్షన్ ఉంటే మార్పిడికి సమయం పడుతుంది గనుక యంత్రాలు వచ్చేలోగా ఆ పని ముగించాలి. తరువాత రాష్ట్ర ఎంఎస్‌ఎంఈ శాఖ ఆన్‌లైన్ పోర్టల్‌లో లాగిన్ అయి, ఉద్యమ్ ధ్రువపత్రం, భాగస్వామ్య ఒప్పందం లేదా కంపెనీ నమోదు పత్రం, అద్దె లేదా కొనుగోలు దస్తావేజు, బ్యాంకు రుణ మంజూరు పత్రం, బిల్లులు, చార్టర్డ్ అకౌంటెంట్ ధ్రువపత్రం అప్‌లోడ్ చేయాలి. తనిఖీ పూర్తయ్యాక దరఖాస్తు మంజూరు కమిటీ ముందుకు వెళ్తుంది. మంజూరు వేరు, విడుదల వేరు: మంజూరు ఉత్తర్వు అందిన తరువాత కూడా నిధుల లభ్యతను బట్టి సొమ్ము జమ కావడానికి వ్యవధి పడుతుంది, అప్పటిదాకా రుణ వాయిదాలు యథాప్రకారం కట్టవలసిందే.