యువతలో ఆత్మహత్యల నివారణ కార్యక్రమం: అంకెలు తేడాగా వస్తే ముందు ఏం చూడాలి?

నల్గొండ, పాలమూరు జిల్లాల్లోని జూనియర్ కాలేజీల్లో, గురుకులాల్లో ఇలాంటి కార్యక్రమం నడిపి, ముందొక సర్వే, తర్వాతొక సర్వే చేసేవాళ్ల కోసం ఇది. తల్లిదండ్రుల సమ్మతి తీసుకోవడం, ఫారాలు నింపించడం మీకు తెలిసిన పనే. చేతికొచ్చిన అంకెలను నమ్మాలా వద్దా అన్న దగ్గరే చాలామంది తప్పుతున్నారు.

అంకెల కంటే ముందు ఒక మాట. ఫారాలు నింపించిన రోజే, కాలేజీ గేటు దాటకముందే, ఆత్మహత్య ఆలోచనల ప్రశ్నకు వచ్చిన జవాబులన్నీ చూడాలి. పీహెచ్‌క్యూ-9 (కుంగుబాటును కొలిచే తొమ్మిది ప్రశ్నల ఫారం) వాడితే అది తొమ్మిదో ప్రశ్న. అక్కడ సున్నా కాకుండా ఏ అంకె ఉన్నా కౌన్సెలర్ ఆ రోజే ఆ విద్యార్థితో విడిగా కూర్చొని మాట్లాడాలి, అవసరమైతే ప్రభుత్వ ఆసుపత్రి మానసిక వైద్య విభాగానికి పంపాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ప్రతి ఒక్కరి చేతికీ ఇవ్వాలి. అది ఉచితం, 24 గంటలూ పలుకుతుంది. ఈ ఏర్పాటు లేకపోతే సర్వే మొదలుపెట్టకండి.

సమస్య: "ఈ ఏడాది ఒక్క మరణమూ లేదు, కార్యక్రమం ఫలించింది"

ఫలించి ఉండొచ్చు, కానీ ఈ అంకె ఆ సంగతి చెప్పదు. జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కల ప్రకారం 2022లో తెలంగాణలో అన్ని వయసులూ కలిపి లక్ష మందికి సుమారు 26 ఆత్మహత్యలు. ఆ లెక్కన 5,000 మంది విద్యార్థుల్లో ఏడాదికి 1.3. అంత చిన్న సంఖ్య దగ్గర, ఏ కార్యక్రమం లేకపోయినా సుమారు నాలుగేళ్లకోసారి సున్నా దానంతటదే వస్తుంది. మరుసటి ఏడాది రెండు జరిగితే కార్యక్రమం విఫలమైందని అనడమూ అంతే తప్పు. ఆత్మహత్యాయత్నాలు, తీవ్రమైన ఆలోచనలు, సాయం కోసం ఎంతమంది వచ్చారన్నది కొలవండి. యూరప్‌లో 10 దేశాల్లో, 168 పాఠశాలల్లో, 11,110 మందితో చేసిన సేల్ అధ్యయనం (2015) కూడా యత్నాలనూ తీవ్రమైన ఆలోచనలనూ కొలిచింది. అందులో విద్యార్థులతో నేరుగా నడిపిన కార్యక్రమానికి మూడు నెలలకు తేడా కనిపించలేదు, 12 నెలలకు కనిపించింది. మూడు నెలలకే తీర్పు చెప్పేయకండి.

సమస్య: ఆపదలో ఉన్న పిల్లలను గుర్తించే శిక్షణ తర్వాత పరీక్షలో లెక్చరర్ల మార్కులు పెరిగాయి, పిల్లల్లో మార్పు లేదు

తెలుసుకోవడం వేరు, వెళ్లి అడగడం వేరు. అమెరికాలో జార్జియాలోని 32 పాఠశాలల్లో చేసిన పరిశీలనలో శిక్షణ తర్వాత సిబ్బందికి అవగాహన పెరిగింది. పిల్లలను ఆత్మహత్య ఆలోచనల గురించి నేరుగా అడగడం మాత్రం ముందునుంచీ వాళ్లతో మాట్లాడే అలవాటున్నవాళ్లలోనే పెరిగింది. మార్కులు పక్కనపెట్టి రిజిస్టరు తెరవండి: ఎవరు గమనించారు, ఏ తేదీన మాట్లాడారు, కౌన్సెలర్ దగ్గరికి ఏ తేదీన చేరారు. మూడు నెలల్లో ఆ పేజీలు ఖాళీగా ఉంటే లోపం అక్కడే ఉంది.

సమస్య: కార్యక్రమం తర్వాత "ఆలోచనలు వచ్చాయి" అన్నవాళ్లు పెరిగారు

అడగడం వల్లే ఆలోచన పుడుతుందని భయపడకండి. 2005లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఆరు హైస్కూళ్లలో 2,342 మందితో చేసిన అధ్యయనంలో అలాంటి హాని కనిపించలేదు. అలా చెప్పినవాళ్లు పెరగడానికి ఒక కారణం, దాచుకున్నది చెప్పే ధైర్యం రావడం కావచ్చు. సాయం అడిగినవాళ్ల సంఖ్య కూడా పెరిగిందేమో చూడండి. ఆలోచనలు పెరిగి, సాయం అడగడం పెరగకపోతే మాత్రం తరగతులు ఆపి, అక్కడ ఏం చెప్తున్నారో కూర్చొని వినండి.

సమస్య: తీవ్రమైన ఆలోచనలున్నవారి శాతం బాగా తగ్గింది

అందరూ సంతోషించేది ఇక్కడే, ఎక్కువగా మోసపోయేదీ ఇక్కడే. పది నిమిషాల పని ఒకటుంది, దాన్ని దాటేస్తున్నారు: రెండో సర్వే రోజు ఎవరు రాలేదో చూడటం.

ఆగస్టులో 400 మంది ఫారం నింపారనుకోండి. వాళ్లలో 60 మందికి తీవ్రమైన ఆలోచనలున్నాయి, అంటే 15 శాతం. ఫిబ్రవరిలో 340 మందే దొరికారు. రాని 60 మందిలో 25 మంది ఆగస్టులో తీవ్రమైన ఆలోచనలున్నాయన్న వాళ్లే. ఆలోచనలున్నవాళ్లలో మిగిలిన 35 మంది ఫిబ్రవరిలో ఫారం నింపారు, ఎలా ఉన్నవాళ్లు అలాగే ఉన్నారు. 340లో 35 అంటే 10.3 శాతం. ఒక్కరి పరిస్థితీ మారలేదు, రిపోర్టులో మాత్రం దాదాపు మూడో వంతు తగ్గినట్టు వస్తుంది.

రానివాళ్లెవరో చూస్తే ఇలా ఎందుకవుతుందో తెలుస్తుంది. పాలమూరు వైపు దసరా, దీపావళి దాటాక తల్లిదండ్రులు ముంబయి, పుణె వలస పోతే, తమ్ముళ్లనూ చెల్లెళ్లనూ చూసుకోవడానికి ఇంట్లో ఆగిపోయిన పెద్దపిల్ల. సబ్జెక్టులు తప్పి కాలేజీకి ముఖం చూపించలేకపోతున్నవాడు. ఫీజు బాకీ పడి బయట నిలబడ్డవాడు. పెళ్లి కుదిరిన అమ్మాయి. హాస్టల్ నుంచి ఇంటికెళ్లి తిరిగి రానివాళ్లు. ఎవరి కోసం కార్యక్రమం పెట్టామో వాళ్లే లెక్కలోంచి జారిపోతున్నారు.

అందుకే మొదటి సర్వేలోనే ప్రతి ఫారానికీ ఒక కోడ్ వేయండి. కోడ్‌కూ పేరుకూ లంకె చూపే జాబితా కౌన్సెలర్ దగ్గరే తాళంలో ఉండాలి, ప్రిన్సిపాల్ దగ్గర కాదు. రెండో సర్వే రోజు హాజరు పట్టికతో సరిచూసి, రానివాళ్ల మొదటి స్కోర్లనూ వచ్చినవాళ్ల మొదటి స్కోర్లనూ పక్కపక్కన పెట్టండి. రానివాళ్ల స్కోర్లు ఎక్కువగా ఉంటే మీ శాతం నమ్మదగ్గది కాదు.

తర్వాత వాళ్లను వెతకాలి. రెండు వారాల్లో కనీసం రెండుసార్లు కాలేజీకి మళ్లీ వెళ్లండి. టీసీ రిజిస్టరు చూడండి, వార్డెన్‌నూ స్నేహితులనూ అడగండి. మొదటిసారి స్కోరు ఎక్కువ వచ్చినవాళ్లతో మొదలుపెట్టండి, వాళ్ల క్షేమం రిపోర్టు కంటే ముఖ్యం. ఫోను ఇంట్లోవాళ్లు ఎత్తితే కాలేజీ ఆరోగ్య సర్వే అని మాత్రం చెప్పండి. పిల్లలు లైన్లోకి వచ్చాక "ఇప్పుడు పక్కన ఎవరన్నా ఉన్నారా?" అని అడగండి. ఉంటే వేరే సమయం కుదుర్చుకోండి, ఆత్మహత్య ఆలోచనల ప్రశ్న అప్పుడు వేయకండి. ఈ వెతుకులాట ఖర్చు బడ్జెట్‌లో మొదటే రాసుకోవాలి, చివర్లో డబ్బులు మిగలవు.

ఎంత వెతికినా కొందరు దొరకరు. ఫలితాన్ని రెండు రకాలుగా లెక్కగట్టండి: రెండుసార్లూ ఉన్నవాళ్లతో ఒకటి, రానివాళ్ల పరిస్థితి మారలేదనుకొని మరొకటి. పై ఉదాహరణలో రెండోది (35+25)/400, మళ్లీ 15 శాతమే. రెండో లెక్కలో తేడా మాయమైతే ఫలించిందని రాయకండి. కార్యక్రమం జరగని కాలేజీలతో పోలుస్తుంటే అక్కడా ఇంతే పట్టుగా వెతకాలి.

సర్వే నెలలు కూడా చూసుకోండి. ఫస్టియర్ వాళ్లతో ఆగస్టులో మొదలుపెట్టి మరుసటి ఆగస్టులో ముగిస్తే పరీక్షల ఒత్తిడి రెండు వైపులా ఒకేలా ఉంటుంది. సెకండియర్ వాళ్లతో మొదలుపెడితే ఏడాది తర్వాత ఎవరూ దొరకరు.

ఇక స్కోరు తిరగేసి (సున్నాను మూడుగా, మూడును సున్నాగా) కంప్యూటర్‌లో ఎక్కించడం లాంటి తప్పులూ జరగొచ్చు. ఏవో ఇరవై ఫారాలు తీసి కంప్యూటర్‌లో ఉన్నదానితో పోల్చితే అరగంటలో తేలిపోతుంది.