సైటు ఇంగ్లిష్ – నాలుగో పాఠం: దిగితే బేస్‌మెంట్, ఎక్కితే ప్లింత్

కట్టుబడి పనివాళ్లకు సైటులో పనికొచ్చే ఇంగ్లిష్ మాటలు చెప్పే ఈ పాఠాల్లో, ఈ వారం గోడ పాఠం చెప్పాల్సింది. బ్లాకులు, వరసలు, అతుకులు, లింటెల్ అన్నీ రాసి సిద్ధం చేసుకున్నాను. మూడో పాఠం అభ్యాసానికి మీరు పంపిన జవాబులు చదివాక మాత్రం, మళ్లీ పునాది దగ్గరికి వెళ్లక తప్పదనిపించింది. గోడ చివర్లో కొంచెం చెప్తాను.

అభ్యాసం చిన్నదే. మీ వీధిలో కడుతున్న ఇల్లు ఏ దశలో ఉందో ఇంగ్లిష్‌లో ఐదు వాక్యాలు చెప్పమన్నాను. జగిత్యాల నుంచి రాశారు, రాయచోటి నుంచి రాశారు, దోహాలో క్యాంపు గదిలో మంచం మీద కూర్చుని రాసినవాళ్లూ ఉన్నారు. ఫుటింగ్ (పునాది అడుగున వేసే వెడల్పు కాంక్రీటు దిమ్మె), బ్లైండింగ్, నెక్ కాలమ్ (ఆ దిమ్మె మీద నుంచి లేచే పొట్టి స్తంభం) చాలామంది చక్కగా వాడారు. బ్లైండింగ్ అంటే గుడ్డితనం కాదని, ఫుటింగ్ కింద పరిచే పలుచని కాంక్రీటు పొర అని, మన సైట్లలో పీసీసీ అనేది అదేనని అందరికీ ఎక్కింది. కానీ దాదాపు ప్రతి జవాబులోనూ ఒకే వాక్యం కనిపించింది: “బేస్‌మెంట్ ఈజ్ కంప్లీట్.”

మీరు చెప్పదలచుకున్నది నాకు తెలుసు. నేల మీద నుంచి గది మట్టం దాకా కట్టి, లోపల మొరం నింపి, దిమ్మిస కొట్టడం అయిపోయిందని. దానికి ఇంగ్లిష్ మాట ప్లింత్. పి, ఎల్, ఐ, ఎన్, టి, హెచ్. పోయిన పాఠంలో ఆ మాటను ఒక్క ముక్కలో చెప్పి దాటేశాను, అందరికీ తెలుసనుకుని. అక్కడ నేను ఆగాల్సింది.

షార్జాలో బ్లాక్‌వర్క్ చేయించే ఒక తమ్ముడు రాసినది చదివితే ఎందుకు ఆగాలో తెలుస్తుంది. అతని బ్యాచ్ విల్లా పనిలో ఉంది. ప్లింత్ దాకా కట్టుబడి అయిపోయింది, తూకం (గోడ నిలువు) బాగుంది, మట్టం బాగుంది. ఇన్‌స్పెక్షన్ కాగితంలో “బేస్‌మెంట్ బ్లాక్‌వర్క్ ఫినిష్డ్” అని రాసి పంపాడు. ఆ విల్లాకు నిజంగానే కింద ఒక బేస్‌మెంట్ ఉంది, కార్లు పెట్టుకోవడానికి. ఇన్‌స్పెక్టరు మెట్లు దిగి అక్కడికి వెళ్లాడు. అక్కడ ఇంకా వాటర్‌ప్రూఫింగ్ వాళ్లే ఉన్నారు, ఒక్క బ్లాకు కూడా లేవలేదు. కాగితం మీద “రిజెక్టెడ్” అని రాసి వెళ్లిపోయాడు. పనిలో లోపం లేదు, మాటలోనే ఉంది. మళ్లీ కాగితం పెట్టి, మళ్లీ మనిషి వచ్చేసరికి రెండు రోజులు పోయాయి. ఆ రెండు రోజులూ బ్యాచ్ ఖాళీగా కూర్చుంది.

ఈ మాట మన నాలుకకు ఎలా పట్టుకుందో చూడండి. మన ఊళ్లలో ఇల్లు కట్టే ప్రతివాళ్లకీ బిల్లు దశలు కంఠస్థం. తెలంగాణలో ఇందిరమ్మ ఇల్లు బేస్‌మెంట్ దాకా లేస్తే మొదటి లక్ష వస్తుంది. ఆంధ్రలో హౌసింగ్ వాళ్ల లెక్కల్లో బీఎల్ అంటే బేస్‌మెంట్ లెవల్. “బేస్‌మెంట్ బిల్లు పడిందా?” అని అడగని ఊరు లేదు. కాబట్టి అది మనకు పరాయి మాటలా అనిపించదు, మన మాటే. అందుకే ప్రమాదం. తెలియని ఇంగ్లిష్ మాట దగ్గర మనిషి ఆగి అడుగుతాడు. తెలుసనుకున్న మాట దగ్గర ఆగడు.

మన దగ్గర మన వాళ్లతో బేస్‌మెంట్ అంటే తప్పేమీ లేదు, అలాగే అనండి. బిల్లు కాగితం మీద కూడా అదే ఉంటుంది. డ్రాయింగు చేతికి వచ్చినప్పుడు, తెలుగు రాని ఇంజనీరు ఎదురుగా ఉన్నప్పుడు మాత్రం మాట మార్చాలి.

నేను పెట్టుకున్న గుర్తు చెప్తాను. ఇంటి ముందు రోడ్డు మీద నిలబడండి. ఆ భాగంలోకి వెళ్లాలంటే దిగాలా, ఎక్కాలా? దిగితే బేస్‌మెంట్. ఎక్కితే ప్లింత్. ఇంకో గుర్తు: బేస్‌మెంట్‌లో మనిషి తిరగగలడు, అదొక అంతస్తు. లిఫ్టులో దానికి బి అని మీట ఉంటుంది, రెండుంటే బి వన్, బి టూ. ప్లింత్‌లో ఎవరూ తిరగరు, లోపలంతా మట్టే. పాత పెంకుటింటి అరుగు గుర్తు తెచ్చుకోండి. కూర్చుంటే కాళ్లు వేలాడే ఆ ఎత్తే ప్లింత్ ఎత్తు. నిజానికి ఈ మాట మీ ఇంట్లో ఇప్పటికే ఉంది. ఇంటి పన్ను కాగితమో, రిజిస్ట్రేషన్ దస్తావేజో తీసి చూడండి, ప్లింత్ ఏరియా అని ఉంటుంది.

ఈ వాక్యాలు బయటికి చదవండి, ఒక్కోటి మూడుసార్లు.

“ద ప్లింత్ ఈజ్ రెడీ ఫర్ ఇన్‌స్పెక్షన్.” ప్లింత్ చూసుకోవచ్చు.

“ప్లింత్ లెవల్ ఈజ్ సిక్స్ హండ్రెడ్ అబౌ ద రోడ్.” రోడ్డు కన్నా 600 మిల్లీమీటర్ల ఎత్తు, అంటే రెండడుగులు.

“వుయ్ ఆర్ ఫిల్లింగ్ ఇన్‌సైడ్ ద ప్లింత్.” లోపల మట్టి నింపుతున్నాం.

“ద కంపాక్షన్ ఈజ్ నాట్ డన్.” దిమ్మిస ఇంకా కొట్టలేదు.

“దేర్ ఈజ్ వాటర్ ఇన్ ద బేస్‌మెంట్.” కింది అంతస్తులోకి నీళ్లు వచ్చాయి. ఈ వాక్యం విన్నాక పరుగెత్తాల్సింది కిందికి.

“దిస్ హౌస్ హాజ్ నో బేస్‌మెంట్.” మన ఊళ్లో నూటికి తొంభై ఇళ్ల గురించి చెప్పగల నిజమైన వాక్యం ఇదే.

గల్ఫ్‌లో ఉన్నవాళ్లకు ఒక మాట. ప్లింత్ మట్టంలో గోడల కింద వేసే కాంక్రీటు దూలాన్ని మనం ప్లింత్ బీమ్ అంటాం. దాన్నే అక్కడ చాలా సైట్లలో టై బీమ్ అంటారు, కొన్ని డ్రాయింగుల్లో గ్రౌండ్ బీమ్ అని ఉంటుంది. మూడు పేర్లూ రాసుకోండి. డ్రాయింగులో ఏది ఉంటే నోటితో అదే అనండి. నేను ఎప్పుడూ చేసే పని ఇదే: కొత్త సైటులో మొదటి రోజు డ్రాయింగు మూల ఉన్న గుర్తుల పట్టికను ఫోన్లో ఫొటో తీసుకుని, రాత్రి గదిలో ఒక్కో మాటా తెలుగులో రాసుకునేవాణ్ణి. నిఘంటువు కన్నా నాకు అదే ఎక్కువ పనికొచ్చింది.

ఈ ఇబ్బంది మనకొక్కళ్లకే ఉందనుకోకండి. నేను పనిచేసిన ఒక సైటులో ఇటలీ నుంచి వచ్చిన ఫోర్‌మన్ ఉండేవాడు. చాలా మంచి పనివాడు. ఇంగ్లిష్ మాట్లాడేటప్పుడు కాంక్రీటుకి బదులు సిమెంట్ అనేవాడు. “టుమారో టెన్ క్యూబ్స్ సిమెంట్” అంటే స్టోరు వాడు బస్తాలు లెక్కపెట్టుకునేవాడు, ఆయన చెప్పింది పది ఘనపు మీటర్ల కాంక్రీటు. ఇటాలియన్‌లో ఆర్సీసీని, అంటే ఇనుప ఊచలు పెట్టి పోసే కాంక్రీటును, చెమెంతో అర్మాతో అంటారు, ఆయుధం తొడిగిన సిమెంటు అన్నట్టు. ఆ భాష అలవాటు ఆయన ఇంగ్లిష్‌లోకి వచ్చింది, మన బేస్‌మెంట్ మన ఇంగ్లిష్‌లోకి వచ్చినట్టే. ఆయన జేబు పుస్తకంలో ఒక పేజీ నిలువునా గీత గీసి ఉండేది. ఎడమవైపు తన నోటికి ముందుగా వచ్చే మాట, కుడివైపు అనాల్సిన మాట. నేనూ అలాంటి పేజీ ఒకటి పెట్టుకున్నాను. మీరూ పెట్టుకోండి. మొదటి వరసలో బేస్‌మెంట్ రాయండి.

రెండో వరసలో రాయాల్సింది ఇంకా ముఖ్యం. జవాబుల్లో నలుగురైదుగురు “ఎస్టర్డే స్లాబ్ ఫెల్” అని రాశారు. నిన్న స్లాబ్ పడింది అన్నదానికి మాటకు మాట. తెలుగులో స్లాబ్ పడిందంటే శుభవార్త, ఇంటివాళ్లు మిఠాయిలు పంచుతారు. ఇంగ్లిష్‌లో స్లాబ్ ఫెల్ అంటే కూలిపోయిందని. వాకీటాకీలో ఆ మాట వినబడితే కింద ఎవరైనా ఉన్నారా అని వెతుకుతూ అంబులెన్స్ పిలుస్తారు. దీన్ని దయచేసి తేలిగ్గా తీసుకోవద్దు. స్లాబ్ వేయడానికి మాట కాస్ట్. “వుయ్ కాస్ట్ ద స్లాబ్ ఎస్టర్డే.” ఈ మాటకు నిన్నైనా, రేపైనా రూపం మారదు, కాస్టెడ్ అనకండి. పోర్ అన్నా సరే: “వుయ్ విల్ పోర్ ద స్లాబ్ టుమారో.” ఇంకో సంగతి, మనకు స్లాబ్ అంటే పైకప్పే. వాళ్లకు నేల మీద వేసేదీ స్లాబే, అది గ్రౌండ్ స్లాబ్. పైకప్పుది రూఫ్ స్లాబ్. ఏ స్లాబో చెప్పకుండా ఊరికే స్లాబ్ అనకండి.

మూడో వరస సెంట్రింగ్. కమానుకు కింద నిలబెట్టే కర్ర పనికి ఇంగ్లిష్‌లో పుట్టిన మాట అది. కమానులు పోయినా మాట మనదగ్గర నిలిచిపోయింది. మన దేశంలో ఏ ఇంజనీరుతో అన్నా అర్థమవుతుంది. బయట సైట్లలో కాంక్రీటు పోసే అచ్చును ఫార్మ్‌వర్క్ లేదా షట్టరింగ్ అంటారు, కింద నిలిపే కంబాలను ప్రాప్స్ అంటారు. ఫార్మ్‌వర్క్ విప్పడాన్ని స్ట్రైకింగ్ అంటారు. ఇక్కడే ఒక గుంట ఉంది. “స్ట్రైక్ ద ఫార్మ్‌వర్క్ ఆన్ సండే” అంటే ఆదివారం సమ్మె అని కాదు, కొట్టి పగలగొట్టమని కూడా కాదు. విప్పమని. ఆ రోజు అడిగి తెలుసుకోవాల్సింది అచ్చు ఒక్కటేనా, ప్రాప్స్ కూడానా అన్నది: “ప్రాప్స్ ఆల్సో, ఆర్ ఓన్లీ షట్టర్స్?” కాంక్రీటు పనికి మన దేశపు ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం మామూలు సిమెంటుతో పోసిన స్లాబ్‌కు, రెండు ఆధారాల మధ్య దూరం నాలుగున్నర మీటర్ల లోపు అయితే ప్రాప్స్ కనీసం 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు ఉండాలి. వేరే దేశంలో ఆ సైటు లెక్క ఏదో అదే పాటించాలి. ఈ ఒక్క ప్రశ్న అడగడానికి ఇంగ్లిష్ రాదని సిగ్గుపడి ఊరుకోకూడదు. కంబం తీసేది మీ చేత్తోనే, స్లాబ్ కింద ఉండేది మీరే.

ఎలివేషన్ గురించి రెండు ముక్కలు. మనకది ఇంటి ముందు భాగం సోకు. డ్రాయింగులో అయితే ఏ పక్క నుంచి చూసినా ఎలివేషనే, నాలుగు పక్కలకి నాలుగు. ఎత్తుకూ అదే మాట వాడతారు. “ఎలివేషన్ ప్లస్ త్రీ పాయింట్ సిక్స్” అంటే డ్రాయింగులో సున్నాగా పెట్టుకున్న మట్టానికి 3.6 మీటర్ల పైన.

ఇక గోడ. వరసను కోర్స్ అంటారు. అడ్డంగా మాల్ (సిమెంటు, ఇసుక కలిపిన ముద్ద) పరిచే అతుకు బెడ్ జాయింట్. నిలువు అతుకుకు పర్పెండ్ అనే మాట ఉంది, కానీ నేను వర్టికల్ జాయింట్ అనే చెప్తాను, అందరికీ అర్థమవుతుంది. కిటికీ కింది అంచు సిల్, పక్కలు జాంబ్, పైది లింటెల్, అది మీకు తెలిసిందే. లింటెల్ రెండు చివర్లూ గోడ మీద కూర్చునే భాగం బేరింగ్. పిట్టగోడ పారపెట్. తూకం సరిగా ఉంటే “ద వాల్ ఈజ్ ప్లమ్”, లేకపోతే “అవుట్ ఆఫ్ ప్లమ్”. రాతలో చివర బి ఉంటుంది, నోటితో పలకకూడదు.

కొలతలు మిల్లీమీటర్లలోనే చెప్పండి. తొమ్మిది అంగుళాల గోడ 230, నాలుగున్నర అంగుళాలది 115. గల్ఫ్‌లో బ్లాకు గోడలు ఎక్కువగా 200, 100. నోటి లెక్కకు నేను అంగుళాన్ని 25గా, అడుగును 300గా అనుకుంటాను. డ్రాయింగు చదివి అర్థం చేసుకోవడానికి అది చాలు. గోడ మీద గీత గీసేటప్పుడు మాత్రం టేపే చూడండి.

అభ్యాసం ఈసారి పెద్దది. రేపు పొద్దున పనికి వెళ్లే ముందు, కడుతున్న ఏదైనా ఇంటి ఎదురుగా పది నిమిషాలు నిలబడండి. నేల దగ్గర మొదలుపెట్టి పిట్టగోడ దాకా, కనిపించినదల్లా ఇంగ్లిష్‌లో చెప్తూ ఫోన్లో రికార్డు చేయండి. కనీసం ఇరవై వాక్యాలు. అందులో ఐదింటిలో కొలత ఉండాలి, మిల్లీమీటర్లలో. బేస్‌మెంట్, సెంట్రింగ్ అనే మాటలు రాకూడదు. నిజంగా కింద అంతస్తు ఉంటేనే బేస్‌మెంట్ అనండి. రాత్రి అన్నం తిన్నాక ఆ రికార్డు విని, నోరు జారిన మాటలన్నీ గీత గీసిన పేజీలో ఎడమవైపు రాయండి. కుడివైపు ఖాళీగా మిగిలినవి నాకు పంపండి. ఐదో పాఠం వాటితోనే మొదలవుతుంది.