సాఫ్ట్‌వేర్ కొనే ముందు: వ్యాపార లక్ష్యానికి సమాచార వ్యవస్థను ఎలా వాడాలి?

విశాఖలోని గాజువాక ఆటోనగర్‌లో బేరింగులు, విడిభాగాలు అమ్మే ఒక దుకాణం లెక్కలు చూడడానికి వెళ్లాను. కంప్యూటర్ కొని అప్పటికి రెండేళ్లు. బిల్లులు చక్కగా ముద్రిస్తోంది. సరుకు ఏ అరలో ఉందో మాత్రం గుమాస్తాకే తెలుసు. ఆయన సెలవు పెడితే దుకాణానికీ సగం సెలవే. యజమానిని తప్పు పట్టలేం. ‘ఎందుకు?’ అని ఆలోచించే లోపే ‘ఎంత?’ అని అడగడం మనందరికీ అలవాటు.

మొదట లక్ష్యాన్ని అంకెతో రాయండి. ‘వ్యాపారం పెరగాలి’ అనేది కోరిక. ‘అడిగిన సరుకు లేక తిరిగి వెళ్లేవారు ఆరు నెలల్లో సగానికి తగ్గాలి’ అనేది లక్ష్యం. పోటీలో నిలవడానికి 1980లో హార్వర్డ్ ప్రొఫెసర్ మైకేల్ పోర్టర్ మూడు దారులు చెప్పారు: అందరికన్నా తక్కువ ఖర్చు, ఇతరుల దగ్గర లేని ప్రత్యేకత, ఒక చిన్న వర్గం మీదే దృష్టి. మీ లక్ష్యం వీటిలో ఏ దారిదో తేల్చుకోండి. మూడింటి వెంటా పరుగెత్తవద్దు.

తర్వాత ఆ లక్ష్యానికి ఏ సమాచారం కావాలో చూడండి. చాలామంది జారిపడేది ఇక్కడే. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌కు అమ్ముడైనదే తెలుస్తుంది. ‘లేదు’ అని పంపేసిన బేరం ఎక్కడా నమోదు కాదు. అందుకే ఆ దుకాణం కౌంటర్ మీద ఒక నోటుపుస్తకం పెట్టించాను: తేదీ, అడిగిన వస్తువు, ఎన్ని. మొదటి వారం గుమాస్తా విసుక్కున్నారు. నెల తిరిగేసరికి ఒకే రకం ఆయిల్ సీల్ పేజీ పేజీలోనూ కనిపించింది. అరల్లోనేమో ఎవరూ అడగని సరుకు దుమ్ము పట్టి ఉంది. ఏమి తెప్పించాలో, ఏమి ఆపాలో ఆ పుస్తకమే చెప్పింది. సాఫ్ట్‌వేర్‌లో దానికో చోటు ఆ తర్వాతే కల్పించారు.

మూడో పని పేర్లు సరిచేయడం. 6205 బేరింగును ఒకరు నంబరుతో, ఒకరు కంపెనీ పేరుతో, ఇంకొకరు 25 మిల్లీమీటర్ల లోపలి కొలతతో ఎక్కిస్తే కంప్యూటర్‌కు అవి మూడు వస్తువులు. ఒక వస్తువుకు ఒకే కోడ్ ఇవ్వండి. విసుగు పుట్టించే పనే, కానీ తప్పదు.

ఆపై సరఫరాదారులను కలుపుకోండి. అమెరికా దుకాణాల సంస్థ వాల్‌మార్ట్ 1991లో రిటైల్ లింక్ అనే తన కంప్యూటర్ వ్యవస్థ ద్వారా తన అమ్మకాల వివరాలను సరఫరాదారులకే చూపించడం మొదలుపెట్టింది. మనకు అంత హంగు అక్కర్లేదు. తరిగిపోతున్న సరుకు జాబితా ప్రతి సోమవారం టోకు వ్యాపారికి వాట్సాప్‌లో వెళ్తే చాలు.

చట్టం కోసం కొనే వ్యవస్థకూ, పోటీలో గెలవడానికి కొనే వ్యవస్థకూ తేడా గమనించండి. ఏడాది టర్నోవర్ 5 కోట్ల రూపాయలు దాటిన వ్యాపారాలు ఇతర వ్యాపారులకు అమ్మేటప్పుడు 2023 ఆగస్టు 1 నుంచి ఈ-ఇన్వాయిస్ (ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేసే జీఎస్టీ బిల్లు) ఇవ్వాలి. దానికోసం కొన్న వ్యవస్థ మిమ్మల్ని పోటీలో ముందుకు తీసుకెళ్లదు. పక్క దుకాణంలోనూ అదే ఉంటుంది.

చివరగా, సమాచారానికి ఊరి బయట ఒక కాపీ ఉంచండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు కరెంటు రోజుల తరబడి రాలేదు. ఆ కాపీ తెరుచుకుంటుందో లేదో నెలకోసారి వేరే కంప్యూటర్‌లో తెరిచి చూడండి.