టార్క్ రెంచి నేర్చుకుందాం - 3వ భాగం: బకెట్టు నీళ్లతో పరీక్ష

కిందటి భాగంలో రెంచి ఎంచుకోవడం, పట్టుకునే తీరు చూశాం. మనం పెట్టిన అంకె మేరకు టార్కు, అంటే తిప్పే బలం, బోల్టు మీద పడగానే టార్క్ రెంచి టక్‌మంటుంది. టక్‌మంటోంది సరే, అనాల్సిన చోటే అంటోందా? విజయవాడ ఆటోనగర్‌లో సెకండ్ హ్యాండ్ రెంచి కొన్నవాళ్లు, షెడ్డులో నలుగురి చేతులు మారే రెంచి వాడేవాళ్లు ఈ భాగం వదలొద్దు. ఇంజిన్ హెడ్ బోల్టు వదులైతే గ్యాస్కెట్టు కొట్టేస్తుంది, మితిమీరితే అల్యూమినియం బ్లాకులో థ్రెడ్డు పోతుంది. రెండూ పెద్ద ఖర్చులే.

గట్టి బెంచి వైస్, బకెట్టు, నైలాన్ తాడు, స్టీలు టేపు, వేలాడదీసే డిజిటల్ కాటా ఉంటే చాలు. మన ఉదాహరణకు 20 నుంచి 100 న్యూటన్ మీటర్ల (టార్కును కొలిచే ప్రమాణం) క్లిక్ రెంచి, అంటే టక్‌మనే రకం, తీసుకుందాం.

ముందు రెంచి సొంత బరువు లెక్క. చాలామంది దీన్ని వదిలేసి, మంచి రెంచికే తప్పు అంటగడతారు. రెంచిని వేలి మీద అడ్డంగా ఆనించి, అటూ ఇటూ ఒరగని చోట గుర్తు పెట్టండి. సాకెట్టు తగిలించే చదరపు మొన మధ్య నుంచి ఆ గుర్తుకు 20 సెంటీమీటర్లు, రెంచి బరువు 1.5 కిలోలు అనుకుంటే: 1.5 × 9.81 × 0.2 = 2.9 న్యూటన్ మీటర్లు. బకెట్టు కట్టకముందే ఇంత టార్కు పడుతోందన్నమాట.

గరిష్ఠ అంకె దగ్గర పెట్టి అయిదుసార్లు టక్‌మనిపించండి. మూలన పడి ఉన్న రెంచిలో గ్రీజు బిగుసుకుని మొదటి క్లిక్కు ఆలస్యంగా వస్తుంది, దాన్ని నమ్మకూడదు. తర్వాత చదరపు మొనను వైస్‌లో అడ్డంగా బిగించండి. దవడలకు అల్యూమినియం రేకు వేస్తే మొన చెడదు. రెంచి వెనుక వైపు మీకు కనబడాలి, పిడి మీ కుడివైపు నేలకు సమాంతరంగా ఉండాలి. అప్పుడే కింది లాగుడు బిగించే దిశలో పడుతుంది. పిడి మధ్యలో తాడు కట్టి, మొన మధ్య నుంచి తాడు దాకా కొలవండి. మన ఉదాహరణలో 40 సెంటీమీటర్లు. ఇక్కడ అర సెంటీమీటరు తప్పితే ఫలితం ఒక శాతానికి పైగా తప్పుతుంది.

60 దగ్గర పెట్టి, బకెట్టును నేలకు రెండంగుళాల ఎత్తులో వేలాడదీయండి. చెంబుతో సన్నటి ధారగా నీళ్లు పోయండి. ఎత్తు నుంచి గుమ్మరిస్తే ఆ కుదుపుకే క్లిక్కు ముందుగా వచ్చేస్తుంది. టక్‌మనగానే ఆపి బకెట్టు తూయండి. 15.9 కిలోలు వచ్చిందనుకోండి: 15.9 × 9.81 × 0.4 = 62.4. సొంత బరువు 2.9 కలిపితే 65.3. అంటే 60 అనుకుని 65 బిగిస్తున్నారు, 8 శాతం తేడా. ఈ రకం రెంచికి ఐఎస్ఓ 6789 అనే అంతర్జాతీయ ప్రమాణం ఇచ్చే వెసులుబాటు 4 శాతమే.

ఇలాగే 20, 100 దగ్గర కూడా, ఒక్కోచోట మూడేసిసార్లు చూడండి. 100కు దాదాపు 25 కిలోలు కావాలి కాబట్టి 20 లీటర్ల వాటర్ టిన్ను కూడా అదే తాడుకు కట్టాలి. అన్నిచోట్లా ఒకే శాతం తేడా వస్తే సర్దుబాటుతో పోతుంది. ఒకే అంకె దగ్గర మూడుసార్లూ మూడు రకాలుగా వస్తే లోపల అరుగుదల ఉన్నట్టే, అలాంటి రెంచిని పక్కన పెట్టేయండి.

ఇది జల్లెడ లాంటి పరీక్ష మాత్రమే. తేడా కనిపించిందని మీరే స్క్రూ తిప్పొద్దు. ఎన్‌ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపు ఇచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న ల్యాబుకు పంపి, సర్దకముందు వచ్చిన రీడింగులు కూడా సర్టిఫికెట్‌లో అడగండి. ఏడాదికి లేదా 5,000 క్లిక్కులకు, ఏది ముందైతే అప్పుడు మళ్లీ పంపాలి. కింద పడితే అంతదాకా ఆగొద్దు. పని అయ్యాక పిడిని కనిష్ఠ అంకెకు తిప్పి ఉంచండి, అంతకంటే కిందికి వద్దు.

వచ్చే భాగంలో సాకెట్టు దూరని చోట క్రోఫుట్ (పక్క నుంచి నట్టును పట్టే తెరిచిన మూతి ముక్క) తగిలిస్తే అంకె ఎంత తగ్గించాలో చూద్దాం. ఆ లెక్కకు ఇవాళ కొలిచిన 40 సెంటీమీటర్లే ఆధారం, రెంచి పెట్టె మూత మీద రాసి ఉంచండి.