పాత అంబాసిడర్ ఇంజన్ ముందువైపు ఆయిల్ కారడం: నా అనుభవం

కడపలో మేము నడుపుతున్న 1489 సీసీ పెట్రోల్ అంబాసిడర్‌కు, ఇంజన్ వేడెక్కాక క్రాంక్ పుల్లీ (క్రాంక్ షాఫ్టు ముందు కొసన బెల్టును తిప్పే చక్రం) వెనుక నుంచి ఆయిల్ కారి, ఫ్యాన్ గాలికి చిమ్మి, చుట్టుపక్కలంతా జిడ్డయ్యేది. సంప్ (ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టె) బోల్టులు బిగించడం, టైమింగ్ కవర్ (ఇంజన్ ముందువైపు టైమింగ్ చైన్‌ను కప్పే మూత) అంచున సీలెంట్ పూయడం, ఆ కవర్‌లో పుల్లీ మెడ చుట్టూ ఆయిల్‌ను ఆపే వలయమైన సీల్ ఒక్కటే మార్పించడం ఫలితమివ్వలేదు.

చివరకు రేడియేటర్, బెల్టు, పుల్లీ తీసి, టైమింగ్ కవర్ విప్పి, కవర్‌కూ ఇంజన్‌కూ మధ్య ఉండే పాత గ్యాస్కెట్‌ను శుభ్రంగా గీకించాను. సీల్ ఆనే పుల్లీ మెడపై గోటితో తడిమితే గాడి తగిలింది. దానికి లేత్ పనివారి చేత పలుచని ఉక్కు తొడుగు వేయించాను. కొత్త సీల్ పెదవికి ఆయిల్ రాసి, కవర్ కాస్త కదిలేంత వదులుగా మాత్రమే బోల్టులు పెట్టి, పుల్లీని సీల్ గుండా షాఫ్టుపైకి ఎక్కించి, సీల్ మెడ చుట్టూ సమానంగా కూర్చున్నాకే బోల్టులను ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించాను. కీలకం ఈ వరుసలోనే ఉందని నా నమ్మకం, ఎందుకంటే కవర్‌ను ముందే బిగిస్తే సీల్ కేంద్రం తప్పి, ఒక పక్క నొక్కుకుని మరో పక్క సందు మిగులుతుంది.

మండుటెండల్లో పులివెందుల దాకా నడిపినా ఇప్పుడు చుక్క కారడం లేదు. అయితే గాడి లేని పుల్లీకి తొడుగు అవసరం ఉండకపోవచ్చు. ఇంజన్ లోపలి ఆవిరిని బయటికి వదిలే బ్రీదర్ గొట్టం పూడుకుపోయి ఇంజన్ లోపల ఒత్తిడి పెరుగుతున్న బండికి ఈ పద్ధతి ఒక్కటే చాలకపోవచ్చు, కనుక ముందుగా ఆ గొట్టాన్ని శుభ్రం చేసి చూడండి.